కాందిశీక బాలల చదువు - జూడిత్ కెర్ నవలాత్రయము

'కాందిశీకుడు' అను పదము మన పత్రికలలో చిరకాలముగా వాడుకలో నున్నది. ఏ దిక్కునకు పోదునని భయమున పరుగెత్తువాడని దాని వ్యుత్పత్తి. ఇటీవల 'శరణార్థి' యను మాట దాని స్థానము నాక్రమించుచున్నది. శరణము కోరువాడని దీని యర్థము. మొదటి పదము పరుగును మాత్రమే చెప్పును. రెండవది గడప ముందు నిలిచి యడుగుటను చెప్పును. పరుగు నిలిచి, గడప దాటి, మరునాటి ప్రొద్దున పలక పట్టుకొని పరాయి బడికి పోవలసిన పిల్లవాడు ఈ రెంటిలో దేనియందును ఇముడడు. ఆ పిల్లవాని దశను శ్రద్ధతో పరిశీలించిన రచనగా జూడిత్ కెర్ నవలాత్రయమును మేమిచ్చట విచారింప దలచితిమి.

ఈమె 1923లో బెర్లినులో జన్మించెను. తండ్రి ఆల్ఫ్రెడ్ కెర్ జర్మనీలో పేరెన్నికగన్న నాటక విమర్శకుడు, యూదుడు, నాజీలను తన వ్రాతలలో బాహాటముగ నెదిరించినవాడు. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చినంతనే ఆ కుటుంబము స్విట్జర్లండునకు, అచ్చటి నుండి పారిసునకు, తుదకు లండనునకు చేరెను. ఆ యేటి మే నెలలో దగ్ధమైన పుస్తకములలో తండ్రి పుస్తకములును కలవు. ఈ జీవితమునే కొలది మార్పులతో కుమార్తె మూడు నవలలుగా వ్రాసెను. 'హిట్లరు గులాబిరంగు కుందేటిని దొంగిలించిన నాడు' అని మనము చెప్పదగిన మొదటి నవల 1971లోను, 'తలక్రిందులు' అనదగిన రెండవది 1975లోను, 'దూరమున నొక చిన్న మనిషి' అనదగిన మూడవది 1978లోను వెలువడినవి. మొదటి దానికి 1974లో జర్మన్ బాలసాహిత్య బహుమానము లభించినది. జర్మనీలోను, ఇంగ్లండులోను అది బడిపిల్లల పఠనగ్రంథమైనది. దాని కీర్తియే తక్కిన రెంటికిని మరుగైనదని మా భావము. మొదటి నవలతో పుస్తకము మూసినవారికి కాందిశీక బాలల చదువు సుఖాంతమైన కథవలె తోచును. మూడింటిని వరుసగా చదివినవారి కట్లు తోచదు.

మొదటి నవలలోని ఆన్నా తొమ్మిదేండ్ల బాలిక. కట్టుబట్టలతో బెర్లిను విడుచునప్పుడు ఒకే బొమ్మను వెంట తీసికొని పోనిత్తురు. ఆమె క్రొత్త కుక్కబొమ్మను తీసికొని, చిరకాలపు నేస్తమైన గులాబిరంగు కుందేటిని విడిచిపెట్టును. ఇంటిలోని వస్తువులన్నియు నాజీల వశమగును. ఈ చిన్న తప్పిదమును రచయిత్రి శోకముగా పెంచదు. ఒక్కమారు చెప్పి ఊరకుండును. ఇట్టి సంయమమే గ్రంథమంతటను కనబడును.

స్విట్జర్లండులోని పల్లెబడిలో ఆన్నాకు పాఠముల కంటె పద్ధతులు కష్టమగును. భాష జర్మనే యైనను ఆడుపిల్లలు, మగపిల్లలు కలిసి యాడుకొనరాదన్న కట్టుబాటు ఆమె యెరుగదు. గురువుగారు నేర్పునది పర్వతప్రాంతపు గొంతుపాట! కాందిశీక బాలునకు మొదటి పాఠము పుస్తకములో లేదనియు, అది పెరటిలోను, త్రోవలోను ఉన్నదనియు రచయిత్రి నవ్వించుచునే చూపినది.

పారిసు ఘట్టము గ్రంథమునకు ప్రాణము. ఆన్నా అచ్చటి సర్కారు ప్రాథమిక పాఠశాలలో చేరును. ఫ్రెంచి మాటలు సగము తెలిసియు సగము తెలియకయు, దినమంతయు చెవులు రిక్కించి కూర్చుండుట వలన కలుగు అలసటను కెర్ వర్ణించిన తీరు ఉపాధ్యాయులెల్లరును చదువదగినది. తరగతిలో మౌనముగా నున్న బిడ్డను మందబుద్ధి యని తలచుట మనలో లేకపోలేదు. ఆ మౌనము వెనుక ప్రతి వాక్యమును లోలోపల తన భాషలోనికి త్రిప్పుకొని, మరల పరభాషలోనికి త్రిప్పు శ్రమ యెంత యున్నదో ఈ గ్రంథమువలన తెలియును. ఒకనాడు హఠాత్తుగా ఆ త్రిప్పుట నిలిచిపోవును. ఆలోచింపకయే ఆన్నా నోట ఫ్రెంచి వచ్చును. తదుపరి ఆమె ప్రాథమిక పరీక్షలో ఉత్తీర్ణురాలై, ఫ్రెంచి వ్యాసరచనకు బహుమానము గూడ పొందును. ఆ వ్యాసమున ఆమె వ్రాసినది జ్వరముతో దేశము విడిచి పారిపోయిన తండ్రి ప్రయాణము. పరాయి బడి పెట్టిన పరీక్షకు ఆమె సమాధానము తన కుటుంబపు పలాయనమే. ఆ బడి యా బిడ్డకు భాషను మాత్రమే గాక, జరిగినదానిని చెప్పుకొను చోటును గూడ ఇచ్చినది. అన్న మాక్స్ గూడ తన పాఠశాలలో ఉత్తమ విద్యార్థి బహుమతి నందుకొనును.

ఈ విజయములు చూచి, రచన మిక్కిలి మెత్తనిదనియు, నాజీల కాలపు క్రౌర్యము దీనిలో లేదనియు ఆక్షేపింపవచ్చును. ఈ యాక్షేపణము దృష్టికోణమును గమనింపనిది. మెత్తదనము బాలికది, రచయిత్రిది కాదు. జర్మనీలోనే నిలిచిపోయిన యూలియుస్ మామ పాత్ర యిందుకు తార్కాణము. జంతుశాలకు పోవు అనుమతిని సైతము పోగొట్టుకొని ఆతడు ప్రాణము తీసికొనును. బాలికకు కొంతయే బోధపడును. పాఠకునకు పూర్తిగ బోధపడును. పిల్లల తెలివికి అందనిదానిని అందకుండగనే నిలుపుట అలవికాని పని. మన బాలసాహిత్యమున పెద్దలు పిల్లల నోట పలికించు ఉపన్యాసములతో దీనిని పోల్చిచూచిన ఆ తారతమ్యము స్పష్టమగును.

అయినను మొదటి నవల యెచ్చట ముగిసినదో గమనింపవలెను. అది ప్రాథమిక విద్య ముగిసిన చోట ముగిసినది. ఇది యాదృచ్ఛికమే కావచ్చును, కాని అర్థవంతము. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక 22వ అధికరణము ప్రాథమిక విద్య విషయమున శరణార్థులను స్వదేశీయులతో సమానముగ చూడవలెనని శాసించుచున్నది. ఆ పై చదువులకు, జీతముల మినహాయింపునకు, విద్యార్థి వేతనములకు సాధ్యమైనంత అనుకూలముగ, కనీసము తక్కిన విదేశీయులకు తీసిపోకుండ చూచినచాలునని చెప్పుచున్నది. బిడ్డగా నున్నంతవరకు హక్కు; యువకుడైన వెంటనే దయ. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 2019లో ప్రకటించిన అంకెలు ఈ భేదమునే పట్టిచూపినవి: శరణార్థి బాలలలో ప్రాథమిక పాఠశాలలో చేరినవారు నూటికి 63, మాధ్యమిక దశలో 24, ఉన్నత విద్యలో 3.

ఒడంబడికకు పూర్వకాలమును చిత్రించినదే యైనను రెండవ నవలకు ఈ భేదమే వస్తువు. 1940 నాటి లండను. ఆన్నా యిప్పుడు యువతి. ఒక చిన్న హోటలు గదులలో కుటుంబపు కాపురము. ఆమె చదువు దాతల యౌదార్యము మీదను, పిదప గుమాస్తా పనికి వలసిన శిక్షణము శరణార్థుల సహాయ సంస్థ యిచ్చిన ధనము మీదను సాగును. ఆమె మనస్సు చిత్రలేఖనము నందున్నది. అది సాయంకాలపు తరగతులకు పరిమితమగును. విద్యార్థి వేతనముతో కేంబ్రిడ్జిలో చదువుచున్న మాక్స్ శత్రుదేశీయుడని నిర్బంధింపబడును. నాజీల నుండి పారిపోయి వచ్చిన యువకుడు జర్మనుడని నిర్బంధ శిబిరమునకు పంపబడుట కల్పన కాదు. రచయిత్రి యన్న మైఖేల్ కెర్ విషయమున నిజముగ జరిగినది. ఆతడే తరువాతి కాలమున ఇంగ్లండు న్యాయమూర్తి యయ్యెను. 1938 డిసెంబరు మొదలు యుద్ధారంభమువరకు తలిదండ్రులు లేకుండ ఇంగ్లండునకు తరలింపబడిన దాదాపు పదివేలమంది బాలలలోను, పదునారేండ్లు నిండిన పలువురకు 1940లో ఇదే గతి పట్టినది. రైలు దిగిననాడు ఆదరింపబడిన బాలుడు రెండేండ్లు తిరుగకముందే అనుమానింపదగిన వాడయ్యెను!

ఈ నవలలో మమ్ము మిక్కిలి కలచివైచినది తండ్రి పాత్ర. పారిసులో ఆతనికి ఫ్రెంచి వచ్చును గాన కొంత నిలద్రొక్కుకొనెను. లండనులో ఆ వృద్ధ రచయిత ఆంగ్లమున వ్రాయజాలడు. జర్మనులో వ్రాసినదానిని అచ్చు వేయువారు లేరు. పిల్లలు పరభాషలో ఎంత ముందునకు పోయిన, తండ్రి అంత వెనుకబడును. తలిదండ్రుల నీడలో తిరిగిన బిడ్డలే తలిదండ్రులకు నోరును, ఆసరాయు నగుదురు. 'తలక్రిందులు' అను శీర్షికను మేమిట్లే అన్వయించుచున్నాము. బడి యీ కుటుంబమునకు చేసిన మేలు గొప్పది. అది తండ్రినుండి బిడ్డలను వేరు చేసిన మాటయు నిజము. బిడ్డకు భాష నేర్పుటకు బడి కలదు, అరువది దాటిన పండితునకు ఏ బడియు లేదు. కెర్ ఎవరినీ నిందింపక ఈ రెండు సత్యములను ప్రక్కప్రక్కన నిలిపినది. మూడవ నవల ప్రధానముగ తల్లి కథ యగుటచే దానిని గూర్చి యిచ్చట విస్తరింపము.

లోపమును గూర్చియు చెప్పవలెను. ఈ కుటుంబము ధనమును పోగొట్టుకొన్నదే గాని చదువును పోగొట్టుకొనలేదు. ఇంట పుస్తకములు, పేరుగల తండ్రి, ఉత్తరము వ్రాసిన బదులిచ్చు స్నేహితులు కలరు. ఇవేవియు లేని దర్జీవాని బిడ్డ యదే పారిసు బడిలో ఎట్లు నెగ్గెను, లేక నెగ్గలేదు? ఈ ప్రశ్నకు త్రయమునందు సమాధానము లేదు. ఆత్మకథకు దగ్గరగా నున్న రచనకు ఈ పరిమితి తప్పదు. కాని దీనిని కాందిశీక బాలలందరి కథగా బోధించు ఉపాధ్యాయులు ఆ పరిమితిని విద్యార్థులకు చెప్పకుండుట తగదు.

ఈ సందర్భమున మన పరిశోధక విద్యార్థులకు ఒక మాట. 1942లో రంగూను నుండి అరకాను త్రోవలను, మణిపురపు కొండలను నడచి వచ్చినవారిలో తెలుగువారు వేలమంది. 1964 ప్రాంతమున బర్మా నుండి మరల తరలి వచ్చిన కుటుంబములు విశాఖపట్టణమున స్థిరపడిన చోటు నేటికిని బర్మా క్యాంపు అను పేరుతోనే యున్నది. నాడు బిడ్డలుగా వచ్చి ఇచ్చటి బడులలో చేరినవారిప్పుడు వృద్ధులు. ఏ తరగతిలో కూర్చుండబెట్టిరి, ఏ లిపితో తడబడిరి, జీత మెవరు కట్టిరి, ఎచ్చట చదువు మానిరి - ఈ సంగతులను వారి నోటనే విని వ్రాసికొనుట సిద్ధాంత వ్యాసమునకు తగిన పని. జాగు చేయదగిన పని కాదు.

కెర్ మూడు నవలలను ఆంగ్లముననే వ్రాసెను. అది ఆమె నేర్చిన మూడవ భాష. తండ్రి 1948లో హాంబర్గులో మరణించెను. కుమార్తె మొదటి పుస్తకము 1968లో గాని వెలువడలేదు. గులాబిరంగు కుందేటి కథ జర్మను భాషకు అనువాదముగనే చేరినది. అనువదించినది ఆన్నెమారీ బోల్, నవలాకారుడు హైన్రిఖ్ బోల్ భార్య.