మంచుబండి ముందుకాళ్లు: ఇండీ, రెవ్

మిన్నెసోటాలో, క్యూబెక్‌లో మంచు ఇంకా కరగకముందే, ఫిబ్రవరి మార్చి నెలల్లో, వచ్చే చలికాలపు స్నోమొబైళ్లను, అంటే మంచుబండ్లను, కంపెనీలు బయటపెడతాయి. కొనేవాళ్లు చాలామంది అప్పుడే డబ్బు కట్టి ఆర్డరు పెట్టుకుంటారు. అంతకుముందు నెలల తరబడి ఊహాగానాలు నడుస్తాయి. ఇంజిన్ ఎన్ని సీసీలు, టర్బో ఉంటుందా, బరువు ఎంత తగ్గించారు? ముందు సస్పెన్షన్ మాట అన్నిటికంటే చివర వస్తుంది. వచ్చినా షాక్ అబ్జార్బర్ మీద ఏ పేరుందో అడిగి వదిలేస్తారు. ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఈ బండిని మలుపు తిప్పిన మోడళ్లలో నేను మొదట లెక్కపెట్టేవి రెండు. ఒకటి పొలారిస్ 1980లో తెచ్చిన టీఎక్స్‌ఎల్ ఇండీ, రెండోది స్కీ-డూ 2003 మోడల్‌గా తెచ్చిన రెవ్. రెండూ ముందు సస్పెన్షన్ పనిని మార్చి గెలిచినవే.

గుల్మార్గ్ వెళ్లి స్నో స్కూటర్ ఎక్కినవాళ్లకు ఈ బండి రూపం తెలుసు. వెనక రబ్బరు ట్రాక్, ముందు రెండు స్కీలు. తోసేదంతా ట్రాకే, స్కీల పని దారి చూపడం వరకే. కారు టైరులో గాలైనా ఉంటుంది, చిన్న గతుకులు అదే మింగేస్తుంది. స్కీలో ఆ మెత్తదనం లేదు. పైగా బండి తిరిగేది స్కీ అడుగున బిగించిన ఉక్కు కడ్డీ మంచును కోసుకుంటూ పోతేనే. స్కీ మీద బరువు చాలకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే జారిపోతుంది. బరువు ఎక్కువైతే చేతులు గుంజేస్తాయి. మలుపులో లోపలి స్కీ గాల్లోకి లేవకుండా ఉండాలి. ముందు బండ్లు కోసిన గాడుల్లోకి స్కీ జారిపోకుండానూ ఉండాలి. అందుకే ఈ బండి సస్పెన్షన్‌ను కుదుపు తగ్గించే సాధనంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. నడిపేవాడి చేతికీ మంచుకూ మధ్య మాట మోసేది అదే.

జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే 1959లో స్కీ-డూను అమ్మకానికి తెచ్చినప్పుడు స్కీల మీద ఉన్నవి కమాన్ పట్టీలు. మన లారీల కింద ఉండేవాటికి చిన్న తమ్ముళ్లు. గట్టివి, చవకైనవి, విరిగితే ఏ కమ్మరైనా సరిచేయగలిగినవి. వాటికి తగ్గట్టే కదలిక కొద్దిపాటిది. గతుకు గతుకంతా నడుం మీదికే వచ్చేది. 1970ల్లో రేసు బండ్ల వాళ్లు ఇందులోంచి బయటపడే దారులు వెతికారు. తర్వాత ఫార్ములా వన్‌లో ఫెరారీ నడిపిన జిల్ విల్‌నవ్ కూడా ఆ మంచు రేసుల్లోంచి వచ్చినవాడే. 1974లో విస్కాన్సిన్‌లోని ఈగిల్ రివర్‌లో ప్రపంచ డెర్బీ గెలిచాడు.

పొలారిస్ ఊరు మిన్నెసోటా ఉత్తర అంచున ఉన్న రోజో. అక్కడివాళ్లు 1977 రేసు బండి ఆర్‌ఎక్స్‌ఎల్‌లో రెండు స్కీలకూ విడివిడి సస్పెన్షన్ పెట్టి పోటీలకు దింపారు. మూడేళ్లకు అదే మామూలు జనానికి ఇండీగా వచ్చింది. ‘ఇండిపెండెంట్’ అన్న మాటలోని మొదటి ముక్కే ఆ పేరు. పొడవాటి ఉక్కు చెయ్యి ఒకటి పాదం పెట్టుకునే చోటు దగ్గర బండికి కీలు మీద అతుక్కుని, ముందుకు సాగి, స్కీని పట్టుకున్న స్పిండిల్ దగ్గర ఆగుతుంది. పక్కకు ఊగిపోకుండా బండి మధ్యనుంచి రెండు సన్నని కడ్డీలు దాన్ని ఆపుతాయి. ఈ చేతికి ట్రెయిలింగ్ ఆర్మ్ అని పేరు. కార్ల భాషలో ఆ మాటకు చక్రం కీలుకు వెనక ఉండాలి. ఇక్కడ స్కీ ముందుంది, కీలు వెనకుంది. పేరు తిరగబడిందని ఇన్నేళ్లలో ఎవరూ బెంగపడలేదు. కానీ ఆ తిరగబడటంలోనే ఇండీ గుణమూ దోషమూ ఉన్నాయి.

గుణం, దాని నిబ్బరం. కడ్డీ వంగితే చవకలో మార్చుకోవచ్చు, దారిలోనే. ఊరికీ ఊరికీ మధ్య డెబ్బై ఎనభై మైళ్లు మంచులో పోయేవాడికి అంతకంటే కావలసింది లేదు. గతుకుల దారిలో కమాన్ పట్టీల బండికీ దీనికీ పోలికే లేకపోయింది. 1980లు, 90లు పొలారిస్‌వి కావడానికి ఇంజిన్ల కంటే ఈ చెయ్యే పెద్ద కారణమని నేను నమ్ముతాను. దోషం, స్పిండిల్ ఆ చేతికే అతికి ఉండటం. చెయ్యి లేచినప్పుడల్లా స్పిండిల్ కూడా వాలుతుంది, వాలినప్పుడల్లా స్కీ మంచును పట్టే తీరు మారుతుంది. వేగంగా పోతూ వరస గతుకుల మీద మలుపు తీసుకునేటప్పుడు బండి ఒక్కో గతుకు దగ్గర ఒక్కో మాట చెబుతుంది. మొద్దుకో రాయికో స్కీ కొట్టుకుంటే ఆ దెబ్బ చెయ్యి పొడవునా పరుగెత్తి నేరుగా బండి ఒంట్లోకి పోతుంది.

దీనికి జవాబు కార్ల లోకంలో ఎప్పుడో ఉంది: పైన ఒకటి, కింద ఒకటి, ‘ఎ’ అక్షరం ఆకారపు రెండు చేతులు (ఎ-ఆర్మ్‌లు), వాటి కొసల మధ్య స్పిండిల్. రెండు చేతుల పొడవులూ కీళ్ల వాలూ సరిగా ఎంచుకుంటే స్కీ పైకీ కిందికీ పోయినా దాని నిలువు పెద్దగా చెదరదు. గతుకు తగిలినప్పుడు స్కీ కొంచెం వెనక్కి తగ్గేలా కూడా కీళ్లను వాల్చవచ్చు. ఆర్కటిక్ క్యాట్ ఈ అమరికను 1990 ప్రౌలర్‌తో మంచుదారుల మీద నడిచే మామూలు ట్రెయిల్ బండ్లకు తెచ్చింది. ఆ కంపెనీకి దక్కవలసిన పేరు పూర్తిగా దక్కలేదు.

మరి రెవ్ గొప్ప ఏమిటి? ఎ-ఆర్మ్‌లు దాని కనిపెట్టుడు కావు. రెవ్ మార్చింది మనిషిని. అప్పటిదాకా నడిపేవాడు వెనక కూర్చుని, కాళ్లు ముందుకు చాపి, సోఫాలో ఉన్నట్టు ఉండేవాడు. రెవ్ అతన్ని దాదాపు ఒక అడుగు ముందుకు జరిపి, మోకాళ్లు వంచి, మోటోక్రాస్ బైకు మీదిలా లేచి నిలబడేలా చేసింది. కెనడా రేసర్ బ్లెయిర్ మోర్గన్ అప్పటికే నిలబడి నడిపే పద్ధతికి పేరుపడ్డవాడు. 2001-02 స్నోక్రాస్ పోటీల్లో రెవ్ నమూనా బండిని జనం ముందు పరిగెత్తించింది ఆయనే. ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ సూత్రం కొత్తకాదు. వెనక బరువు ఎక్కువై నొగలు లేస్తుంటే తోలేవాడు ముందుకు జరిగి కూర్చుంటాడు. ఇరుసును ముట్టుకోకుండానే బండి సర్దుకుంటుంది. మనిషి బండి నడుమకు దగ్గరైతే గతుకు దగ్గర అతని కిందనుంచి బండి ఊగుతుందే తప్ప అతన్ని విసిరేయదు. అప్పుడు ముందు సస్పెన్షన్‌కు అసలు పని మిగులుతుంది: స్కీని మంచుకు అంటిపెట్టి ఉంచడం.

అందుకే రెండింటిలో రెవ్‌దే పెద్ద ఆలోచన అంటాను. ఇండీ ఒక భాగాన్ని బాగుచేసింది. రెవ్ ఆ భాగం ఎవరికోసమో అడిగింది. పొలారిస్ కూడా 2005 ఫ్యూజన్‌తో ఎ-ఆర్మ్‌లకు వచ్చేసింది. 2013లో ఇండీ పేరును మళ్లీ తెచ్చినప్పుడు ఆ పొడవాటి చెయ్యి అందులో లేదు. అయినా ప్రేమ అడిగితే నా ఓటు పాత ఇండీకే. రేసు బండి సుఖాన్ని పల్లెలో తపాలా మోసేవాడి నడుం దాకా చేర్చింది అదే.

ఇప్పుడు రాబోయే మోడళ్ల మాట. పందెంలో ఉన్నవాళ్లు తగ్గారు. యమహా ఈ రంగం వదులుతున్నట్టు 2023లో చెప్పింది, ఉత్తర అమెరికాకు 2025 మోడళ్లే ఆఖరివి. ఆర్కటిక్ క్యాట్‌ను దాని యజమాని టెక్స్‌ట్రాన్ 2025లో వదులుకుంది. మిగిలిన పోటీలో దాదాపు అందరి బండ్లకూ ఎ-ఆర్మ్‌లే, కదలిక తొమ్మిది పది అంగుళాలే. తేడా ఇక రెండు చోట్లే కనిపిస్తుంది. ఒకటి వెడల్పు: కొండ బండికి స్కీల మధ్య దూరం 36 అంగుళాల దగ్గర, ట్రెయిల్ బండికి 42, 43. కొండవాలు మీద బండిని ఒక పక్కకు వాల్చి నడపాలి, ఇరుకైతేనే వాలుతుంది. చదును దారిలో మలుపులకు వెడల్పే దిక్కు. ఒకే బండి రెండూ చేస్తుందని వచ్చే ఊహాగానాలను నేను నమ్మను. రెండోది షాక్‌లు. స్కీ-డూ 2022 మోడళ్లలో స్మార్ట్-షాక్స్ పేరుతో తనంత తానే గట్టిదనం మార్చుకునే షాక్‌లు పెట్టింది. ఇవి ఇంకా చవకై కింది మోడళ్లకు దిగుతాయని నా అంచనా. అవి కుదుపును అందంగా దాస్తాయి. ఎ-ఆర్మ్‌ల కొలత తప్పితే దాన్ని మాత్రం దాచలేవు.

నేను ఎదురుచూసేది బ్యాటరీ బండ్లలో రాబోయే మార్పు కోసం. స్కీ-డూ, లింక్స్ పేర్లతో ఇవి ఇప్పటికే వచ్చాయి. ఇంజిన్‌కు ముక్కులో చోటు తప్పదు కానీ బ్యాటరీని మనిషి కిందికి జరపవచ్చు. ముక్కులో చోటు మిగిలితే ఎ-ఆర్మ్ కీళ్లు ఇంకా లోపలికి పోతాయి, చేతులు పొడవవుతాయి, స్కీ ఇంకా నిలకడగా లేస్తుంది. ఫిబ్రవరిలో అలాంటి బండి ఫొటో ఏదైనా బయటికి వస్తే ముందుగా పాదం పెట్టుకునే చోటు చూస్తాను, అక్కణ్ణుంచి స్పిండిల్ ఎంత దూరంలో ఉందో చూస్తాను.