నీటిలో చుట్టం

సాతపాడ రేవు దాటాక చిలికా ఒక్కసారిగా వెడల్పవుతుంది. ఎటు చూసినా బూడిదరంగు నీళ్ళు, వెదురు గెడలు పాతి కట్టిన వలలు, గెడకొక నీటికాకి. సరస్సు ఎక్కడ ఆగిందో సముద్రం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు, నాలుకకే తెలుస్తుంది. పడవ చిన్నది. చెయ్యి జారవిడిస్తే వేళ్ళు తడుస్తాయి. ఓడ మీద నిలబడ్డవాడికి నీళ్ళు ఎక్కడో కింద ఉంటాయి. ఇందులో కూర్చున్నవాడికి ఎదురుగా, మొహంలో మొహం పెట్టి ఉంటాయి. నిన్ను చూడడానికి ఆ ఎత్తు చాలు, ఇరావతి డాల్ఫినా!

ఇంజను ఆపించాలి. ఆపించాక ఓపిక పట్టాలి. నువ్వు ముందు కనబడవు, వినబడతావు. వీపు వెనక ఎక్కడో ‘ఫూ’ అని ఒక ఊపిరి. తల తిప్పేలోగా అక్కడ సుడి తప్ప ఏమీ ఉండదు. మళ్ళీ ఇంకో పక్క. పడవలో అందరూ ఒకేసారి తప్పు దిక్కుకి చూడడం నీకు రోజూ వేడుకేనేమో.

టీవీలో నీ దాయాదులు గాలిలో గిరికీలు కొడతారు, పొడుగు మూతులతో నవ్వుతున్నట్టు కనిపిస్తారు. నీకు ఆ మూతీ లేదు, ఆ హడావుడీ లేదు. గుండ్రటి నుదురు. నడుము దాటాక బొటనవేలంత అనిపించే రెక్క. వాళ్ళకు లేని మెడ విరుపు మాత్రం నీకుంది, తల పక్కకు తిప్పగలవు. దగ్గరగా లేచినప్పుడు చూశాను: నెత్తి మీద, నడిమికి కాస్త ఎడమగా, వంపు తిరిగిన చిన్న రంధ్రం. విచ్చుకుంది, తుంపర చిమ్మింది, గాలి లాక్కుంది, బిగుసుకుంది. అంతా రెప్పపాటే. నేను అప్పుడే వదిలిన గాలిలో కొంత నీ లోపలికి పోయింది.

చేపకు మా గాలితో పనిలేదు. నీకుంది. నీళ్ళలో పుట్టి, నీళ్ళలోనే పిల్లకు పాలిచ్చి, ఊపిరికి మాత్రం మా వాకిట్లోకి వస్తావు. మాకు నిద్రలో ఊపిరి దానంతట అదే ఆడుతుంది. మీ కులానికి ఆ సుఖం లేదు, ప్రతి ఊపిరీ తలచుకుని తీసుకోవలసిందే. అందుకే మెదడులో సగం పడుకుంటే తక్కిన సగం కాపలా కాస్తుంది. పసిబిడ్డ పక్కన పడుకునే తల్లులు ఇలాగే కదా నిద్రపోయేది! సుమారు 14 నెలలు మోసి కన్న నీ పిల్ల, నువ్వు లేచిన చోటే లేస్తుంది. నీ ఊపిరి బరువుగా వినిపిస్తుంది, వెంటనే దానిది, తేలిగ్గా.

నువ్వు మాకు పరాయిదానివేం కాదు తల్లీ. నీ జాతి శాస్త్రంలోకి ఎక్కింది మా విశాఖపట్నం రేవు నుంచే. అక్కడ 1852లో దొరికిన ఒక ప్రాణిని ఆధారం చేసుకుని 1866లో రిచర్డ్ ఓవెన్ నీకు శాస్త్రీయ నామం పెట్టాడు. ఈ సంగతి మా బడి పుస్తకాల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు.

ఈ కలక నీళ్ళలో చూపు ఆనదు. నువ్వు వదిలే టిక్కుటిక్కులు చేపకు తగిలి తిరిగొస్తే వాటిని కింది దవడతో అందుకుంటావు. దవడతో వినేదానా! మా ఇంజన్ల మోతలో నీకు లోకమంతా చీకటి. బర్మాలో ఇరావతి నది మీద జాలరులు పడవ అంచును కర్రతో తట్టి నిన్ను పిలుస్తారు. నువ్వు చేపల గుంపును వాళ్ళ వైపు తోలుకొస్తావు, వాళ్ళు విసురువల వేస్తారు, చెదిరి తప్పించుకోబోయినవి నీ పాలు. అంత పొత్తు కుదిరిన చోట్లు భూమ్మీద ఎన్ని ఉంటాయి? ఇక్కడేమో నీ చుట్టూ నాలుగు పడవలు మూగుతాయి, ఈలలు, కేకలు. నువ్వు మునుగుతావు. టికెట్ డబ్బులు దండగన్నవాడు ఒకడు ప్రతి పడవలోనూ ఉంటాడు.

ఇసక మేటవేసి సముద్రపు దారి సన్నబడితే 2000లో కొత్త మొగ తవ్వారు. ఉప్పునీళ్ళు మళ్ళీ లోపలికి పోటెత్తాయి, వాటి వెంట చేపలూ, పీతలూ, రొయ్యలూ. ఇంత సరస్సులోనూ మీరు 200 లోపే.

ఆ మొగ పూడకుండా ఉండాలి తల్లీ. అడ్డు వలల్లో నీ ఊపిరి చిక్కకుండా ఉండాలి. నీ పిల్ల వీపు మీద ఇంజను రెక్క గీత పడకూడదు. నువ్వు లేచిన ప్రతిసారీ సెల్ఫీ కోసం నిలబడి పడవను ఊపేసేవాణ్ణి పడవవాడు గదమాయించి కూర్చోబెట్టాలి.