నలుగురూ వినే ఉత్తరం: పందొమ్మిదో శతాబ్దపు అమెరికా సంపన్న స్త్రీల లేఖాకళ

పందొమ్మిదో శతాబ్దంలో న్యూయార్క్, బోస్టన్, వాషింగ్టన్ నగరాల్లోని కలిగినింటి స్త్రీలకు ఉత్తరం రాయడం రోజువారీ పనుల్లో ఒకటి. పెళ్లయి దూరం వెళ్లిన కూతురు పుట్టింటి బాగోగులు తెలుసుకునేది దాని ద్వారానే. వరుడి గుణగణాల ఆరా, సంసారానికి కావలసిన డబ్బు లెక్క, ఆడపడుచుల మీద ఫిర్యాదు అన్నీ ఆ కాగితం మీదే సాగేవి. ఈనాటి పాఠకులకు వింతగా తోచే విషయం ఏమిటంటే, ఆ ఉత్తరాలను ఒక్కరే చదివేవారు కారు. తండ్రికి వచ్చిన జాబు తోబుట్టువుల చేతికి వెళ్లేది. అక్కకు వచ్చింది భోజనాలయ్యాక హాలులో పైకి చదివేవారు. నలుగురూ వింటారని తెలిసి కూడా ఒక్కరికే అర్థమయ్యేలా మాట చెప్పగలగడమే ఈ కళలోని అసలు నేర్పు.

ఈ నేర్పును తీర్చిదిద్దిన వాటిలో తపాలా ఖర్చు ఒకటి. 1845 దాకా అమెరికా తపాలా శాఖ దూరాన్ని, కాగితాల సంఖ్యను బట్టి డబ్బు తీసుకునేది. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు ఒక్క కాగితానికి పద్దెనిమిదిన్నర సెంట్లకు పైనే అయ్యేది. 400 మైళ్లు దాటితే 25 సెంట్లు. రెండో కాగితం పెడితే ఖర్చు రెట్టింపు, కవరు కూడా కాగితం కిందే లెక్క. పైగా ఆ డబ్బు చాలాసార్లు అందుకున్నవారే కట్టేవారు. అందుకని పెద్ద కాగితాన్ని సగానికి మడిచి నాలుగు పుటలు చేసుకుని, మూడింటి నిండా రాసి, నాలుగోదాని మధ్యలో చిరునామాకు చోటు వదిలి, మడతలు పెట్టి లక్క ముద్ర వేసేవారు. చోటు చాలకపోతే కాగితాన్ని పక్కకు తిప్పి, రాసిన వరుసలకు అడ్డంగా ఇంకోసారి రాసేవారు. అలాంటి పుట చదవడం కళ్లకు శ్రమే. అయినా ఆ రాత అలవాటైన అక్కచెల్లెళ్లు దాన్ని తడుముకోకుండా చదివేసేవారు.

1845 చట్టంతో లెక్క బరువు మీదికి మారింది. 300 మైళ్ల లోపు అర ఔన్సుకు 5 సెంట్లు. 1847లో ఫ్రాంక్లిన్, వాషింగ్టన్ బొమ్మలతో తొలి స్టాంపులు వచ్చాయి. 1851లో ముందే డబ్బు కడితే 3 సెంట్లకే ఉత్తరం చేరే వీలు కలిగింది. కవర్ల వాడకం పెరిగింది, దాంతో రాసే తీరూ మారింది. ఇంటిల్లిపాదికీ ఒక ఉత్తరం రాసి, దాని లోపల తల్లికో చెల్లెలికో వేరే చీటీ పెట్టడం సులువైంది. చరిత్రకారులు ఆశగా వెతికేది ఆ చీటీల కోసమే. చదివాక కాల్చేయమని రాసిన మాట వాటిలో తరచుగా కనిపిస్తుంది. ఆ మాట కనబడుతోందంటే అందుకున్నవారు కాల్చలేదన్నమాట.

ఉత్తరానికి ఒక క్రమం ఉండేది. ముందుగా ఊరు, తేదీ. తరువాత, మీ ఫలానా తేదీ జాబు ఫలానా రోజున అందిందన్న రసీదు. తపాలాలో ఉత్తరాలు పోయే కాలం కాబట్టి ఇది మర్యాద కంటే అవసరం. ఆపై అవతలివారి ప్రశ్నలకు వరుసగా జవాబులు, ఇంట్లోవారి ఆరోగ్యం, వచ్చిపోయినవారి సంగతులు. దూరప్రయాణాల్లో ఉన్నవారు ఒకే ఉత్తరాన్ని రోజుకింత చొప్పున దినచర్యలా పెంచుతూ, ఓడ బయలుదేరే ముందు ముద్ర వేసేవారు. ఇంట్లో మరణం జరిగితే నల్ల అంచున్న కాగితం వాడేవారు. విప్పకముందే విషయం తెలిసేది.

ప్రేమ ఉత్తరాలకు నియమాలు మరీ గట్టివి. ఎలైజా లెస్లీ 1853లో వెలువరించిన మర్యాదల గ్రంథం, బంధువు గాని కాబోయే భర్త గాని కాని పురుషుడికి ఉత్తరాలు రాసే అమ్మాయి అతని దృష్టిలోనే చులకనవుతుందని హెచ్చరించింది. నిశ్చయం తప్పిపోతే ఇరువైపులా ఉత్తరాలు తిరిగి ఇచ్చేసుకోవాలి. ఇంత కట్టడిలో అనురాగం బయటపడే దారులు సంబోధనా, సంతకమూ. ఇంటిపేరుతో పిలవడం నుంచి ‘మిత్రమా’కు, అక్కడి నుంచి ముద్దుపేరుకు చేరడానికి నెలలు పట్టేవి. ఆ మెట్లన్నీ చదువరికి తెలుసు కాబట్టి ఒక్క మెట్టు ఎక్కితే చాలు, పెద్ద వార్త చెప్పినట్టే.

పెళ్లి బేరసారాలు ఉత్తరాల్లో ఎలా సాగేవో జూలియా గార్డినర్ కథ చూపుతుంది. న్యూయార్క్ సంపన్న కుటుంబంలో పుట్టిన జూలియాను 1843లో అధ్యక్షుడు జాన్ టైలర్ పెళ్లికి అడిగాడు. ఆయన భార్య పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు. జూలియా ఒప్పుకోలేదు. 1844 ఫిబ్రవరి 28న ప్రిన్స్‌టన్ యుద్ధనౌక మీద ఫిరంగి పేలి ఆమె తండ్రి డేవిడ్ గార్డినర్ చనిపోయాడు. ఆ తరువాత ఆమె మనసు మారింది. టైలర్ ఆమె తల్లి జూలియానా సమ్మతి కోరుతూ ఉత్తరం రాశాడు. ఆమె ఇచ్చిన జవాబు ఈ సాహిత్యంలో చక్కని నమూనా: మర్యాదకు లోటు లేకుండానే, అలవాటైన సౌఖ్యాలను తన కూతురికి అమర్చగలరా అని దేశాధ్యక్షుణ్ణి అడిగింది. 1844 జూన్ 26న న్యూయార్క్‌లో పెళ్లి జరిగింది. టైలర్‌కు 54 ఏళ్లు, జూలియాకు 24. వైట్‌హౌస్ నుంచి జూలియా తల్లికీ చెల్లెలికీ విందుల వైభవాన్ని వర్ణిస్తూ రాసింది. తల్లి మాత్రం, భర్తను పని చేసుకోనివ్వమని మందలిస్తూ జవాబిచ్చింది. ఆ రాకపోకలు యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఇలా ఉత్తరాలు రాసుకునే తీరికకు వెల ఎవరు చెల్లించారో మరవరాదు. టైలర్ దంపతులు తరువాత నివసించిన వర్జీనియాలోని షేర్‌వుడ్ ఫారెస్ట్ తోటలో వంటా, సేద్యమూ, పిల్లల సంరక్షణా బానిసలే చేశారు. బానిసలకు చదువు నేర్పడాన్ని వర్జీనియా 1831లోనే చట్టంతో కట్టడి చేసింది. ఇంగ్లండ్ కులీన స్త్రీలు బానిసత్వాన్ని ఖండించినప్పుడు, 1853లో దాన్ని సమర్థిస్తూ జూలియా బహిరంగ లేఖ రాసింది. తల్లికీ చెల్లెలికీ రాస్తూ సాధించిన సొగసైన వాదనాశైలిని ఇక్కడ అన్యాయానికి వినియోగించింది. ఆమె గొప్ప లేఖకురాలు అనేవారు ఈ లేఖను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రేమలేఖల విషయంలో ఎక్కువగా చెప్పుకోదగ్గది ఒలీవియా లాంగ్డన్. ఎల్మైరా పట్టణంలో బొగ్గు వ్యాపారంతో సంపన్నుడైన జెర్విస్ లాంగ్డన్ కూతురు. 1868 సెప్టెంబరులో శామ్యూల్ క్లెమెన్స్, అంటే మార్క్ ట్వైన్, పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు ఒలీవియా కాదంది. అయితే సోదరుడిగా ఉత్తరాలు రాసుకోవడానికి అనుమతించింది. ఆ సంబోధన కింద అతను వాదించాడు, బతిమాలాడు, తనను దిద్దమని అడిగాడు. మతబోధకుడు బీచర్ ఉపన్యాసాల ప్రతులను ఆమె పంపితే అతను చదివి జవాబు రాసేవాడు. రచయిత హోమ్స్ పుస్తకం ‘ఆటోక్రాట్ ఆఫ్ ది బ్రేక్‌ఫాస్ట్ టేబుల్’ మార్జిన్లలో ఆమె కోసం వ్యాఖ్యలు రాశాడు. ముద్రిత పుస్తకం అంచును ఉత్తరంగా మార్చడం ఎంత తెలివైన ఉపాయం! పుస్తకం ఇచ్చిపుచ్చుకోవడానికి ఏ పెద్దలూ అభ్యంతరం చెప్పరు.

అయినా పెద్దలు ఊరికే కూర్చోలేదు. ఒలీవియా తల్లి, క్లెమెన్స్‌ను ఎరిగిన మేరీ మేసన్ ఫెయిర్‌బ్యాంక్స్ అనే పెద్దావిడకు జాబు రాసి అబ్బాయి నడవడిని ఆరా తీసింది. తండ్రి అతని పశ్చిమ ప్రాంతపు పరిచయస్థులను విచారించాడు. వచ్చిన జవాబులు ఏమంత బాగా లేకపోయినా సంబంధం ఖాయం చేశాడు. 1869 ఫిబ్రవరిలో నిశ్చితార్థం, 1870 ఫిబ్రవరి 2న పెళ్లి జరిగాయి. ఈలోగా క్లెమెన్స్ పుస్తకం ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’ ప్రూఫులు ఇద్దరూ కలిసి దిద్దారు. అతని ఉత్తరాలు 180కి పైగా అందాయి, వాటికి ఒలీవియా వరుసగా అంకెలు వేసి దాచింది. అందుకే ఎక్కడెక్కడ ఉత్తరం పోయిందో నేటికీ తెలుస్తుంది. ఆమె అతనికి రాసినవి మాత్రం ఆ కాలానివి చాలా కొద్దిగానే మిగిలాయి.

కుటుంబ ఉత్తరాల్లో బోస్టన్‌కు చెందిన మేరియన్ హూపర్‌ది ఎదురులేని చెయ్యి. అందరూ ఆమెను క్లోవర్ అనేవారు. అయిదేళ్ల వయసులో తల్లి పోగా, కంటి వైద్యుడైన తండ్రి రాబర్ట్ హూపర్ పెంపకంలో పెరిగింది. 1872లో చరిత్రకారుడు హెన్రీ ఆడమ్స్‌ను పెళ్లాడి, నైలు నది మీద సాగిన యాత్ర నుంచి తండ్రికి రాసింది. 1877లో వాషింగ్టన్ చేరాక ఆ రాత ప్రతి ఆదివారం నియమంగా సాగింది. వైట్‌హౌస్ ఎదుట లఫాయెట్ స్క్వేర్‌లో వారి ఇల్లు. ఎవరు వచ్చారు, ఎవరిని రానివ్వలేదు, ఏ సెనేటరు ఏమన్నాడు అన్నది వారం వారం బోస్టన్‌కు చేరేది. రాజకీయ నాయకుడు జేమ్స్ బ్లేన్‌ను గడప తొక్కనివ్వలేదు. 1882లో వచ్చిన ఆస్కార్ వైల్డ్‌నూ కలవనంది. అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను చంపిన గీటో విచారణకు వెళ్లి చూసి రాసింది. ఒక మనిషి రూపాన్ని ఒక్క వాక్యంలో పట్టేసి వెంటనే మరో సంగతికి వెళ్లిపోవడం ఆమె పద్ధతి. ఆ నిర్మొహమాటం ఎంత ప్రసిద్ధమంటే, 1880లో పేరు లేకుండా వెలువడిన నవల ‘డెమోక్రసీ’ ఆమెదేనని కొందరు అనుమానించారు. నిజానికి అది భర్త రాసినది.

1885 ఏప్రిల్‌లో తండ్రి మరణంతో ఆ ఆదివారాల జాబులు ఆగిపోయాయి. అంతకుముందు ఆమె తండ్రి మంచం పక్కన ఉన్న వారాల్లో హెన్రీ వాషింగ్టన్ నుంచి విడవకుండా రాశాడు. పెళ్లయ్యాక అంతకాలం విడిగా ఉండటం వారికి అదే మొదలు. ఆ డిసెంబరు 6న క్లోవర్ తన ప్రాణం తానే తీసుకుంది. హెన్రీ తన ఆత్మకథలో ఆమె పేరే ఎత్తలేదు. ఆమె ఉత్తరాల సంపుటి 1936లో గాని రాలేదు.

ఈ ఉత్తరాల విలువ ఇక్కడే ఉంది. ఓటు లేని, పదవి లేని స్త్రీలు రాజకీయాన్ని, పెళ్లిని, డబ్బును ఎలా తూకం వేశారో చెప్పే ఆధారాలు వేరే తక్కువే. చరిత్రకారిణి కారోల్ స్మిత్-రోసెన్‌బర్గ్ 1975లో స్త్రీల స్నేహబంధాల మీద రాసిన వ్యాసం, కారెన్ లిస్ట్రా 1989లో ఆ కాలపు ప్రణయం మీద రాసిన పుస్తకం ఇలాంటి ఉత్తరాల పునాది మీదే లేచాయి. బయటికి ముభావంగా కనిపించిన ఆ తరం కాగితం మీద ఎంత బాహాటంగా అనురాగం పలికిందో లిస్ట్రా చూపింది.

క్లెమెన్స్ ఉత్తరాల ఎంపిక 1949లో మార్క్ ట్వైన్ ప్రేమలేఖలుగా అచ్చయింది. అంకెలు వేసి వాటిని నిలబెట్టిన ఒలీవియా పేరు ఆ శీర్షికలో లేదు. ఇకపై ఇలాంటి సంపుటాలు తెచ్చే సంపాదకులు, మిగిలిన జవాబులు ఎన్ని కొద్దిగా ఉన్నా వాటిని అనుబంధంలోకి నెట్టకుండా తేదీల వరుసలోనే పక్కపక్కన అచ్చువేయాలి.