పచ్చ తీగ ఎక్కడ కలిపారు?

పై అంతస్తులో కాపురముండే వాళ్లందరిదీ ఒకటే గోడు: షవర్ తిప్పితే నీళ్లు సన్నగా కారతాయి, తలమీది సబ్బు వదలదు. పంపు పెట్టించుకుంటే తీరిపోతుంది. కానీ పెట్టించే ముందు నీళ్ల లెక్క, కరెంటు లెక్క రెండూ చూసుకోవాలి. మొదటిది ఎలాగో చూస్తాం. రెండోదాన్ని గాలికి వదిలేస్తాం. నా బాధంతా దాని గురించే.

ట్యాంకు షవర్ కంటే 10 మీటర్ల ఎత్తున ఉంటే షవర్ దగ్గర ఇంచుమించు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. డాబా మీది ట్యాంకు 2 మీటర్లే పైన ఉంటే దక్కేది 0.2 బార్. కింది వాటాలో జోరుగా దూకే నీళ్లు పైవాటాలో నీరసించేది అందుకే. అయినా ముందు షవర్ బిళ్ల విప్పి చూడండి. బోరు నీళ్ల ఉప్పు చిల్లుల్ని పూడ్చేసి ఉంటే, వెనిగర్‌లో నానబెట్టి తోమితే పంపు ఖర్చే తప్పొచ్చు.

అప్పటికీ చాలకపోతే ట్యాంకు నుంచి దిగే పైపు మీద, గీజరుకు ముందు పంపు బిగించాలి. గీజరు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది. పక్కన నాన్ రిటర్న్ వాల్వుతో బైపాస్ పైపు వేయిస్తే కరెంటు పోయినా స్నానం ఆగదు. వీధి నల్లాకు మాత్రం నేరుగా తగిలించకూడదు. పైపులో ఎక్కడ పగులున్నా చుట్టూ ఉన్న మురుగును మోటారు లోపలికి లాగేస్తుంది.

కొత్త పంపు ఎక్కడ కనిపించినా నా చూపు ముందు ప్లగ్ మీదికే పోతుంది. మూడు పిన్నుల్లో పొడుగ్గా, లావుగా ఉండేది ఎర్త్. దగ్గర్లో రెండు రంధ్రాల సాకెట్టే ఉంటే, ప్లగ్ మార్చేసి, ఎర్త్‌కు కలవాల్సిన పచ్చ తీగను వెనక్కి మడిచి టేపు చుట్టేస్తారు. పంపు హాయిగా తిరుగుతుంది. ప్రమాదమంతా ఆ తిరగడంలోనే ఉంది. ఎర్త్ లేని లోపం రోజువారీ వాడకంలో బయటపడదు. మోటారు చుట్ట పాడై ఫేజు దాని లోహపు ఒంటికి తగిలిన రోజున, తడిచేత్తో ముట్టుకున్న మనిషే కరెంటుకు దారి అవుతాడు.

ఎంసీబీ ఉందిగా అంటారు. అది వైరు కాలిపోకుండా కాపాడేది. మనిషి ప్రాణం తీసేంత కరెంటుకు 16 ఆంపియర్ల ఎంసీబీ పడనే పడదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాలేదంటే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దాని మీది ‘టి’ బటన్ నెలకోసారి నొక్కండి, టక్కున పడిపోవాలి. పడినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, దాన్ని ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూడాల్సిందే. సాకెట్టు, స్విచ్చు నీళ్లు చిందే చోట వద్దు.

ప్లంబరు పైపు చూసి వెళ్తాడు, ఎలక్ట్రీషియన్ వైరు చూసి వెళ్తాడు. రెండూ కలిసే పంపు దగ్గర ఆ ఇద్దరినీ ఒకేసారి నిలబెట్టాల్సింది ఇంటివాళ్లే. కూలి డబ్బులు చేతిలో పెట్టేముందు పచ్చ తీగ ఎక్కడ కలిపారో చూపించమనండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.