ఎడమచేతి మిషన్

జీడిపిక్కలు కోసే మిషన్ కట్టాలనుకున్నవాళ్లు సాధారణంగా బ్లేడ్ల దగ్గర మొదలుపెడతారు. నేను పీట దగ్గర మొదలుపెట్టాను. నా నోటుబుక్కు మొదటి పేజీలో ఉన్నవి రెండే సంగతులు. నేల నుంచి మా అప్ప (అక్క) మోకాలి మడత దాకా 41 సెంటీమీటర్లు. అప్పది ఎడమచేతి వాటం. ఈ రెండూ రాసుకున్నాకే పలాస పక్కనున్న కాశీబుగ్గ పాత ఇనుప కొట్ల వైపు వెళ్లాను.

పలాసవాళ్లకు ఈ మిషన్ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం కొంచెం చెప్తాను. పూర్వం ఇక్కడ పిక్కల్ని బట్టీలో కాల్చి, చెక్క సుత్తితో కొట్టి పప్పు తీసేవారు. ఇప్పుడు ఎక్కువచోట్ల బాయిలర్ ఆవిరిలో ఉడికించి, రాత్రంతా ఆరబెట్టి కోస్తారు. ఆవిరికి పెంకు మెత్తబడుతుంది, లోపలి పప్పు పెంకును కొంచెం వదులుతుంది. కోసే మిషన్‌లో పిక్క వంపుకు తగ్గట్టు వంచిన రెండు బ్లేడ్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒక చేత్తో పిక్క పెట్టాలి, కాలితో పెడల్ తొక్కితే బ్లేడ్లు పెంకులోకి దిగుతాయి. రెండో చేత్తో లీవరు తిప్పితే పెంకు రెండుగా విచ్చుకుంటుంది. పప్పు అంటుకుని ఉంటే సూదిలాంటి చిన్న పనిముట్టుతో తీస్తారు. కూర్చున్నది మొదలు లేచేదాకా ఇదే పని.

పెంకు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాపారం ఆ 3 మిల్లీమీటర్ల మీద నిలబడి ఉంది. బ్లేడు అంతకన్నా తక్కువ దిగితే పిక్క తెరుచుకోదు. ఎక్కువ దిగితే పప్పు మీద గాటు పడుతుంది, విరగని గుండు కావాల్సింది బద్ద అవుతుంది. గుండుకూ బద్దకూ ధరలో తేడా ఎంతో పప్పు కొనేవాళ్లందరికీ తెలుసు. డబ్ల్యూ 180 అంటే పౌనుకు 170 నుంచి 180 గుండ్లు తూగే పెద్ద పప్పు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. పిక్కల నాణ్యతను కూడా వ్యాపారులు 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్కలోనే చెప్పుకుంటారు. 48 పౌన్లు దిగితే దాదాపు 22 కిలోలు. మా ఉద్దానం ప్రాంతపు రైతు ఆ 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర ఇవ్వాలని రోడ్డెక్కి అడిగాడు. రైతు చెట్టు కింద ఏరిన పిక్కకు, బజార్లో అమ్మే పప్పుకు మధ్య ఆ బ్లేడ్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే.

మా అప్ప అలా కూర్చున్న మనిషే. పెళ్లయిన ఏడాది నుంచీ కటింగ్ పనే. నేను చూసిన మిషన్లన్నిటికీ లీవరు కుడి పక్కనే. అన్నం తప్ప అన్నీ ఎడమ చేత్తో చేసే మనిషి ఆ కుడి లీవరుతోనే ఇన్నేళ్లూ లాక్కొచ్చింది. "సాయంత్రానికి ఈ రెక్క నాది కాదురా తమ్ముడూ" అంటూ కుడి భుజం మీద కొబ్బరినూనె రాసుకుంటుంది. బావకు డయాలిసిస్ పడ్డాక ఆమె రోజంతా బయట ఉండే వీలు లేకుండా పోయింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు కాబట్టి దూరం తగ్గింది. అయినా తీసుకెళ్లేదీ, తీసుకొచ్చేదీ, పక్కన ఉండేదీ అప్పే. ఇంటికి పిక్కలు తెచ్చుకుని కోసుకుంటానంది. మిషన్ ఎలాగూ కొత్తది కావాలి కాబట్టి, ఈసారి ఆమె ఒంటికి తగ్గట్టే కట్టాలని నేను పట్టుబట్టాను.

లీవరు అటు పక్కకు మార్చేస్తే సరిపోతుంది కదా అని వెల్డింగ్ షాపు కుర్రాడు అన్నాడు. సరిపోదు. లీవరు పక్క మారితే అది తిరిగే దిక్కు మారుతుంది. దిక్కు మారితే బ్లేడు వంపు అద్దంలో చూసినట్టు తిరగబడాలి, ఎందుకంటే జీడిపిక్కకు ఒక పక్క గుంట, ఒక పక్క ఉబ్బు ఉన్నాయి. పిక్క పెట్టే చేయి ఇప్పుడు కుడిచేయి, కాబట్టి పిక్కల గంప కుడి పక్కకు వస్తుంది, పప్పు పడే తట్ట దానికి అడ్డం రాకూడదు. అన్నిటికన్నా మొండిది బోల్టు మర. కుడి లీవరును లాగిన ప్రతిసారీ దాని బోల్టు బిగుస్తుంది. అదే బోల్టు ఎడమ పక్క పెడితే లాగిన ప్రతిసారీ కొంచెం కొంచెం వదులవుతుంది. దీనికి చెక్ నట్టు ఒక దారి. ఇంకో దారి పాత సైకిల్లో దొరికింది. సైకిల్ ఎడమ పెడల్ మర మామూలు మరకు ఎదురు, అది ఎడమ వైపు తిప్పితేనే బిగుస్తుంది. ఎడమ క్రాంకు, దాని పెడల్ ఇరుసు జతగా తెచ్చుకుంటే ఎడమ మర తయారుగా చేతికొస్తుంది, లేత్ మీద ప్రత్యేకంగా కోయించక్కర్లేదు. పాత ఇనుప కొట్టులో అది దొరికిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, అప్పకు తప్ప.

పెడల్‌కు కుట్టుమిషన్ తొక్కుడు పలక ఎంచుకున్నాను. మామూలు కటింగ్ మిషన్ పెడల్ తొక్కాలంటే కాలు మొత్తం ఎత్తి దించాలి. పోత ఇనుప తొక్కుడు పలక మధ్యలో ఇరుసు మీద ఊగుతుంది, మడమ ఆనించి ఉంచి పాదం ముందు భాగం నొక్కితే చాలు, మోకాలికి పని తగ్గుతుంది. దాని లోపం కూడా నాకు తెలుసు. పాదం దిగే దూరం తక్కువ కాబట్టి బలం ఎక్కువగా పెంచుకోలేం. పాదం 6 సెంటీమీటర్లు దిగితే బ్లేడ్లు 12 మిల్లీమీటర్లు దగ్గరవ్వాలని లెక్క వేసుకున్నాను. రాపిడికి పోయేది పోగా, పాదం నొక్కిన బలం ఐదింతలకు కాస్త తక్కువగా బ్లేడు దగ్గరికి చేరుతుంది. బాగా ఉడికిన పిక్కకు అది చాలు. సరిగా ఉడకని పిక్కలు వస్తే ఇబ్బంది. అందుకే పలక నుంచి పైకి వెళ్లే కడ్డీకి మూడు బెజ్జాలు పెట్టాలని రాసుకున్నాను, బెజ్జం మారిస్తే నిష్పత్తి మారుతుంది.

ఇక బుష్ సంగతి. ఈ మిషన్లో ఎవరి కంటికీ కనిపించని ముక్క ఇదే, నేను ఎక్కువ పేజీలు రాసిందీ దీని మీదే. బ్లేడు మోసే చేయి ఒక పిన్ను మీద ఊగుతుంది, పిన్ను బుష్‌లో తిరుగుతుంది. బుష్ పొడవు 4 సెంటీమీటర్లు, అక్కణ్నించి బ్లేడు కొసకు 16 సెంటీమీటర్లు అనుకోండి. బుష్‌లో పావు మిల్లీమీటరు ఆట ఉంటే కొస దగ్గర అది దాదాపు ఒక మిల్లీమీటరు అవుతుంది. పెంకుకు ఉన్నవే 3 మిల్లీమీటర్లు. అందులో ఒకటి ఆటకే పోతే గుండు రావడం అదృష్టం మీద ఆధారపడుతుంది, అప్ప మాత్రం తన చేయి తప్పిందనుకుంటుంది. ఎంతమంది ఆడవాళ్లు అరిగిన బుష్ చేసిన తప్పును తమ మీద వేసుకుని, ముక్క పప్పుకు మాటలు పడ్డారో తలచుకుంటే నాకు కడుపు మండుతుంది. బాల్ బేరింగ్ వేయొచ్చు కదా అంటారు. మాది సముద్రపు గాలి తగిలే ఊరు, నౌపడ ఉప్పు పండించే గాలి అదే. దానికి తోడు పెంకు నూనె, పెంకు పొడి. బేరింగ్‌లోకి అవి దూరితే మార్చడం తప్ప దారి లేదు. గన్‌మెటల్ బుష్ అయితే అరిగినప్పుడు కాశీబుగ్గ లేత్ షాపులో కొత్తది తిప్పించుకోవచ్చు. పైన చిన్న బెజ్జం పెట్టి రోజూ రెండు చుక్కల నూనె వేస్తే చాలు. పిన్నుకూ బుష్‌కూ మధ్య మిల్లీమీటరులో పదో వంతు మించకూడదని పెద్ద అక్షరాల్లో రాశాను.

బ్లేడ్లు లారీ కమాన్ పట్టీతో చేయిస్తున్నాను. టూల్ స్టీలు దీనికన్నా ఎక్కువ కాలం పదును నిలుపుతుంది, అది నిజం. కానీ కమాన్ ఇనుము గట్టిది, తొందరగా విరగదు, పదును పోతే మా ఊరి కొలిమిలోనే బాగుచేసుకోవచ్చు. పట్టీ ఇప్పటికే గట్టిపరిచి ఉంటుంది కాబట్టి ముందు దాన్ని ఎర్రగా కాల్చి బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. అప్పుడే ఆకురాయికి లొంగుతుంది. వంపు, పళ్లు అన్నీ తీర్చాక మళ్లీ కాల్చాలి. అయస్కాంతం పట్టుకోవడం మానేసే వేడి దాటాక నూనెలో ముంచాలి. తర్వాత గడ్డి రంగు తేలేదాకా తక్కువ వేడి మీద పెట్టి పెళుసుదనం తీయాలి. కమ్మరి మామకు ఇవన్నీ నేను చెప్పక్కర్లేదు. ఆయనకు కావాల్సింది అట్టముక్క మీద కోసిన ఎడమ వంపు నమూనా. అది ఇచ్చాను.

పిక్కల సైజు ఇంకో తలనొప్పి. మా వైపు విత్తనంతో మొలిచిన పాత చెట్ల పిక్కలు చిన్నవి, ఒక్కోటి ఒక్కో ఆకారం. తిత్లీ తుపాను తర్వాత చాలామంది అంటు మొక్కలు వేశారు. బాపట్ల జీడి పరిశోధన స్థానం ఇచ్చిన బీపీపీ 8 లాంటి రకాల పిక్క బాగా పెద్దది. వీటికి తోడు ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతయ్యే పిక్కలు కూడా పలాసకు వస్తాయి. ఆటోమేటిక్ కటింగ్ మిషన్లు పెట్టినవాళ్లు ముందే సైజుల వారీగా జల్లించుకుంటారు. ఇంట్లో ఒక్క బస్తా కోసుకునే మనిషికి అంత సరంజామా ఉండదు. అందుకని బ్లేడ్లు ఎంతవరకు దగ్గరవ్వాలో ఆపే బోల్టును చేత్తో తిప్పేలా పెడుతున్నాను. మామూలు 10 మిల్లీమీటర్ల బోల్టు ఒక చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటర్లు కదులుతుంది. సన్న మర బోల్టుల్లో ఒక్క మిల్లీమీటరే కదిలేది ఉంది. పావు చుట్టుకు పావు మిల్లీమీటరు అని అప్ప గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి ఆ సన్న మరే కావాలి. ఇది పాత సామాన్లలో దొరకదు, కొత్తదే కొనాలి.

పైన బల్ల పనస చెక్క. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో పడిపోయిన చెట్టుదే ఆ చెక్క. నాన్న పలకలు కోయించి అటక మీద పెట్టారు. బల్ల మీద జీఐ రేకు వేసి, ఒళ్లోకి కాకుండా అవతలికి వాలేలా వంచాలి. పెంకు నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు బూడిదో నూనో పూసుకుని కోసే ఆడవాళ్ల వేళ్లు చూసినవాళ్లకు ఆ రేకు ఎందుకో వివరించక్కర్లేదు. గ్లవుజులు వేసుకుంటే పని సాగదని అప్ప అంటుంది, ఆమె మాట కాదనే అనుభవం నాకు లేదు. నూనె చుక్కలు పడే చోటునైనా చేతికి దూరంగా జరపగలను.

అట్టలతో, వెదురు బద్దలతో ఉత్తుత్తి మిషన్ ఒకటి కట్టి వసారాలో అప్పను కూర్చోబెట్టాను. ఆమె కళ్లు మూసుకుని పిక్క పెట్టడం, తొక్కడం, తిప్పడం చేసి చూపించింది. లీవరు నేను అనుకున్న చోటుకు నాలుగు వేళ్లు కిందకి రావాలంది. "పైకుంటే భుజం లేస్తాది, కిందకుంటే మోచెయ్యి ఒంటికి ఆనుతాది. ఏటి, ఇన్నేళ్లు కోసినదాన్ని నాకు తెలీదా?" అంది. నాలుగు వేళ్లు అంటే ఆమె వేళ్లే కొలిచాను, 6 సెంటీమీటర్లు.

మార్చిలో కొత్త పిక్కలు దిగుతాయి. సంక్రాంతి వెళ్లగానే బుష్, పిన్ను లేత్ షాపుకు వెళ్తాయి, ఎందుకంటే మిగతా కొలతలన్నీ వాటిని బట్టే తేలాలి. బ్లేడ్లు ఆ తర్వాత. పెడల్‌ను తిరిగి పైకి లేపే స్ప్రింగు గురించి ఇంకా తేల్చుకోలేదు. స్కూటరు స్టాండు స్ప్రింగు బలంగా ఉంది, అప్ప కాలికి అది బరువవుతుందేమోనని మోపెడ్‌ది కూడా ఒకటి తెచ్చి పెట్టుకున్నాను. నిన్న మిషన్ పెట్టే మూల కొలిచాను. బావ మంచం కనిపించేలా అప్ప తిరిగి కూర్చుంటే ఎడమ లీవరు గోడకు తగులుతోంది. మిషన్ స్టాండు వెడల్పు 5 సెంటీమీటర్లు తగ్గించాలి. దానికి వాడే యాంగిల్ ఇనుప ముక్కలు ఇంకా కోయలేదు, కాబట్టి అంకె కొట్టేసి కొత్తది రాశాను.