బుడాపెస్ట్‌లో విన్నాక దిద్దిన స్వరం

గుస్టవ్ మహ్లర్ మొదటి సింఫనీ ఒకే ఒక్క స్వరంతో మొదలవుతుంది. తీగ వాద్యాలన్నీ కలిసి 'ఎ' స్వరాన్ని ఏడు స్థాయుల్లో పట్టుకుని కదలకుండా నిలుస్తాయి. మన కచేరీకి తంబురా శ్రుతి ఎలాగో ఈ సింఫనీకి ఆ స్వరం అలాగ. కాకపోతే అది వినపడీ వినపడనంత పలచన. ఆ పలచదనం రాసిననాడే కుదిరింది కాదు. దాని వెనక ఒక కుర్ర కండక్టర్ చెవి ఉంది.

మహ్లర్ 1860లో బొహీమియాలో పుట్టాడు. 20 ఏళ్ళకే బాడ్ హాల్ అనే ఊళ్ళో చిన్న థియేటర్లో కండక్టర్‌గా చేరాడు. ఆ తరువాత కాసెల్, ప్రాగ్, లైప్‌జిగ్, బుడాపెస్ట్. పొద్దున రిహార్సల్, రాత్రి ఒపెరా. సొంత రచనకు దొరికేది మిగిలిన వేళ మాత్రమే. 1888 మార్చిలో జర్మన్ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ చనిపోయి లైప్‌జిగ్ థియేటర్ కొన్నాళ్ళు మూతపడితే, ఆ సెలవు ఈ సింఫనీ పూర్తి చేయడానికి కలిసొచ్చింది. కొలువు ఆయన కలానికి అడ్డుపడిందని చాలామంది అంటారు. తీరిక విషయంలో అది నిజమే. పనితనం విషయంలో మాత్రం ఆ కొలువే ఆయనకు గురువు అని నా నమ్మకం.

1889 నవంబరు 20న బుడాపెస్ట్‌లో, 29 ఏళ్ళ వయసులో, తన సింఫనీని తానే కండక్ట్ చేశాడు. రెండో సగం వచ్చేసరికి శ్రోతలు అయోమయంలో పడ్డారు. ఆయన మాత్రం తన పొరపాటు తాను విన్నాడు. మిలమిలలాడే గాలిని మనసులో ఉంచుకుని రాసిన ఆ మొదటి స్వరం, అన్ని స్థాయుల్లోనూ మోగేసరికి మరీ బరువుగా, మరీ చిక్కగా ఉంది. ఈ సంగతి తరువాత స్నేహితురాలు నటాలీ బాయర్-లెష్నర్‌తో చెప్పుకున్నాడు. ఆమె రాసి ఉంచింది.

దిద్దుబాటు చూడండి. స్వరం మార్చలేదు, వాద్యాలు తగ్గించలేదు, వాయించే తీరు మార్చాడు. వేలితో తీగను గట్టిగా నొక్కకుండా, సరైన చోట ఊరికే తాకించి కమాను లాగితే ఈల లాంటి సన్నని స్వరం పలుకుతుంది. దాన్ని హార్మోనిక్ అంటారు. వయొలిన్ల నుంచి డబుల్ బేస్‌ల దాకా అలాగే పలికించి, అడుగున కొన్ని డబుల్ బేస్‌లకు మాత్రం మామూలు స్వరం ఉంచాడు. పైగా కండక్టర్‌కు ఒక సూచన: ఆ అట్టడుగు స్వరం ఎంత మెల్లగా మోగినా స్పష్టంగా వినపడి తీరాలి. పైనున్నదంతా గాలిలా తేలాలంటే కింద నేల ఉండాలి కదా! కాగితం ముందు కూర్చుని ఈ సూచన రాయడం కష్టం. హాల్లో నిలబడి విన్నవాడికే తడుతుంది.

ఆ స్వరం మీదే మిగతాదంతా లేస్తుంది. క్లారినెట్ కోయిల జాతి పిట్ట కుక్కూలా కూస్తుంది. షడ్జం నుంచి కింది పంచమానికి దిగినంత దూరం దాని కూత. నిజం పిట్ట అంత కిందికి దిగదు. కానీ తొలి పేజీ నుంచీ వినపడే పలుకు అదే దూరం దిగుతుంది. తరువాత చెల్లోలు ఎత్తుకునే పాట మొదటి అడుగూ అదే. పిట్ట కూతను తన పాటకు శ్రుతి చేసుకున్నాడన్నమాట. ట్రంపెట్లను వేదిక వెనక బాగా దూరంగా నిలబెట్టాడు. తెర వెనక నుంచి వచ్చే మోత ప్రేక్షకుణ్ణి ఎలా కదిలిస్తుందో ఒపెరాలో బతికినవాడికి ఒకరు చెప్పాలా?

దిద్దుబాటు అక్కడితో ఆగలేదు. అయిదు భాగాల రచన 1896 బెర్లిన్ కచేరీ నాటికి నాలుగయింది. "బ్లూమినె" అనే మెత్తని భాగాన్ని తీసేశాడు. ముగింపులో ఏడు హార్న్‌లవాళ్ళూ లేచి నిలబడి ఊదాలని స్కోరులోనే రాశాడు. కావాలంటే ఒక ట్రంపెట్, ఒక ట్రాంబోన్ తోడుగా చేర్చుకోమన్నాడు. చూడ్డానికి ఆర్భాటంలా ఉంటుంది గానీ అది లెక్క. అంతమంది మోగిస్తున్నప్పుడు కూర్చున్న హార్న్‌ల స్వరం హోరులో కలిసిపోగలదు. నిలబడితే దాన్ని చీల్చుకుని వస్తుంది.