పత్తి, మిర్చి కథల్లో డిపాజిటర్ ఎక్కడ?

గుంటూరు, ప్రకాశం రైతుల మీద నేను చదివిన కథల్లో అప్పు ఉంటుంది, పురుగుమందు డబ్బా ఉంటుంది. దాచుకున్న డబ్బు మాత్రం కనిపించదు. అదేంటో, రైతు చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే మన కథకులకి కథే దొరకదు! అగ్రిగోల్డ్‌లో పోయింది ఆ మిగులే. 2019 నవంబరులో గుంటూరు సభలో ప్రభుత్వం డబ్బు తిరిగిచ్చింది 10 వేల లోపు కట్టినవాళ్లకి. మిర్చి కోతల కూలీ కూడబెట్టగలిగే మొత్తం అది. పేపర్లు వాళ్లని ‘డిపాజిటర్లు’ అన్నాయి. అది బ్యాంకు కాదు, స్థలాలు చూపించి నడిపిన సామూహిక పెట్టుబడి పథకం. బ్యాంకు డిపాజిట్‌కైతే 2020 నుంచి 5 లక్షల దాకా బీమా ఉంది. ఊళ్లో సహకార సొసైటీలో వేసినదానికి అదీ లేదు. మూడింటికీ జనం వాడే మాట ఒకటే. ఇంటికొచ్చి వసూలు చేసిన ఏజెంటు చాలాచోట్ల బంధువో, పక్కింటివాడో. ఆ ఇద్దరూ తర్వాత ఒకే బజారులో ఎలా ఎదురుపడ్డారో రాసిన కథ కోసం చూస్తున్నాను.